విపత్తు తర్వాత మొదటి వారం: సాయం ఎక్కడుందో ఎవరికి తెలుసు?

మన నోట్సుల్లో విపత్తు నిర్వహణ అధ్యాయం దాదాపు ఎప్పుడూ 2005 చట్టంతోనే మొదలవుతుంది. జాతీయ సంస్థకు ప్రధాని, రాష్ట్ర సంస్థకు ముఖ్యమంత్రి, జిల్లా సంస్థకు కలెక్టర్ అధ్యక్షులు అని రాసుకుంటాం. కింద సెండాయ్ ఫ్రేమ్‌వర్క్ నాలుగు ప్రాధాన్యాలు రాసి పేజీ తిప్పేస్తాం. పరీక్షకు అది కావాలి, కాదనను. కానీ ఆ చట్టం ఏ ప్రశ్నకు జవాబుగా పుట్టిందో తెలియాలంటే ఇంకో డెబ్బై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

ఆ ప్రశ్న చాలా మామూలుది. మీ ఊళ్లో ఇళ్లు కూలిపోయాయి, బావులు పూడిపోయాయి, రోడ్డు తెగిపోయింది అనుకోండి. పార ఎవరి దగ్గర ఉంది? ఎవరి గాదెలో ధాన్యం మిగిలింది? కాలు విరిగినవాడికి కట్టు కట్టగల మనిషి ఏ వీధిలో ఉన్నాడు? పక్క పట్నంలో దుప్పట్లు దిగాయట, ఎవరిని అడిగితే ఇస్తారు? సాయం లేకపోవడం ఒక సమస్య. సాయం ఉండి కూడా దాని దారి తెలియకపోవడం ఇంకో సమస్య. దక్షిణాసియా విపత్తుల చరిత్రలో ఈ రెండోదాని వల్ల పోయిన ప్రాణాలు తక్కువేమీ కాదు. ఈ వ్యాసంలో దాన్నే చూద్దాం.

1934: ఇసుక కప్పిన పొలాలు

1934 జనవరి 15న, మధ్యాహ్నం రెండు గంటలు దాటాక, ఉత్తర బిహార్, నేపాల్ కంపించాయి. తీవ్రత సుమారు 8. బిహార్‌లో 7,000 మందికి పైగా, నేపాల్‌లో 8,500 మందికి పైగా చనిపోయారు. ముంగేర్ పట్టణం నేలమట్టమైంది. ముజఫర్‌పూర్, దర్భంగా, సీతామఢీ, మోతిహారి ప్రాంతాలు దారుణంగా దెబ్బతిన్నాయి. పట్టపగలు రావడం వల్ల, చాలామంది ఇళ్ల బయట ఉండడం వల్ల మరణాలు ఆ మాత్రంలో ఆగాయి.

ఈ భూకంపంలో ఒక భౌతిక విశేషం ఉంది. గంగకు ఉత్తరాన ఉన్న మెత్తటి ఒండ్రు నేల కుదుపుకు ద్రవంలా మారింది, పగుళ్లలోంచి నీరు, ఇసుక ఎగజిమ్మాయి. సివిల్ ఇంజినీరింగ్ చదివినవాళ్లకు ఇది లిక్విఫాక్షన్ అని గుర్తొస్తుంది. రైతుకు కనిపించింది వేరు: పొలం మీద ఇసుక మేట, బావి నిండా ఇసుక. ఇల్లు కూలనివాడికి కూడా తాగడానికి నీళ్లు లేవు. చక్కెర మిల్లులు దెబ్బతిన్నాయి. జనవరి అంటే చెరకు గానుగాడే కాలం. పంట పొలంలో నిలబడి ఉంది, కొనే మిల్లు లేదు. అప్పుడు ఎద్దులతో తిప్పే పాత చెరకు గానుగలకు మళ్లీ గిరాకీ వచ్చింది. మిల్లులు వచ్చి మూలన పడేసిన వస్తువే రైతును ఆ సీజన్‌లో గట్టెక్కించే సాధనమైంది. స్థానిక వనరు అనే మాటకు ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు ఎక్కడా దొరకలేదు. ఏ నిధీ, ఏ రైలూ తేనవసరం లేకుండా అది ఊళ్లోనే ఉంది. కావలసిందల్లా అది ఎక్కడుందో, బాగు చేసే వడ్రంగి ఎవరో కనుక్కోవడం.

ఇక మనుషుల సంగతి. శాసనోల్లంఘన ఉద్యమంలో అరెస్టయి, జబ్బుతో నిర్బంధంలో ఉన్న బాబూ రాజేంద్ర ప్రసాద్‌ను భూకంపం వచ్చిన రెండు రోజులకు విడుదల చేశారు. ఆయన బిహార్ సెంట్రల్ రిలీఫ్ కమిటీని నిలబెట్టారు. దేశం నలుమూలల నుంచి లక్షల్లో విరాళాలు వచ్చాయి. వైస్రాయ్ పేరుతో ఇంకో నిధి విడిగా నడిచింది. పాఠ్యపుస్తకాలు ఇక్కడ ఆగిపోతాయి. అసలు విషయం ఆ తర్వాత ఉంది. అంతకుముందు పద్నాలుగేళ్లలో సహాయ నిరాకరణ, శాసనోల్లంఘన ఉద్యమాల కోసం కాంగ్రెస్ జిల్లా జిల్లాకూ కార్యకర్తలను తయారు చేసుకుంది. ఏ గ్రామానికి ఏ దారిన వెళ్లాలో, అక్కడ ఎవరి మాట చెల్లుతుందో వాళ్లకు తెలుసు. జైళ్లు నింపడానికి కట్టుకున్న వలయం బావులు తోడడానికి పనికొచ్చింది. డబ్బు ఏ ప్రభుత్వమైనా పోగు చేయగలదు, ఆ చిరునామాలు పోగు చేయడానికి పద్నాలుగేళ్లు పట్టింది.

డబ్బు వచ్చిన చోట లెక్కలూ కావాలి. తంజావూరులో పుట్టి, లండన్‌లో అకౌంటెన్సీ నేర్చిన జె.సి.కుమారప్ప ఈ కమిటీకి ఆర్థిక సలహాదారుగా పనిచేశారు. మనం ఆయన పేరును గ్రామీణ ఆర్థిక వ్యవస్థ, గాంధేయ అర్థశాస్త్రం దగ్గరే చదువుతాం. పైసా పైసాకు లెక్క రాయించిన అకౌంటెంట్‌గా కూడా ఆయన్ని గుర్తు పెట్టుకోండి. నిధి మీద నమ్మకం నిలబడకపోతే రెండో విడత విరాళం రాదు.

గాంధీ మార్చిలో బిహార్ పర్యటించారు. భూకంపం అస్పృశ్యత అనే పాపానికి దైవశిక్ష అని ఆయన అనడం, రవీంద్రనాథ్ ఠాగూర్ దాన్ని అశాస్త్రీయమని ఖండించడం, ఆ ఖండనను గాంధీ తన హరిజన్ పత్రికలోనే అచ్చువేయడం మీకు తెలిసిందే. ఎథిక్స్ పేపర్‌కు ఈ వివాదం బాగా పనికొస్తుంది కాబట్టి అందరూ దీని మీదే ఆగుతారు. నా మటుకు ఆ పర్యటనలో గట్టి అంశం ఇంకొకటి. ఒంట్లో శక్తి ఉన్నవాళ్లు ఊరికే సాయం తీసుకోవద్దు, పని అడిగి కూలి తీసుకోండి అని ఆయన చెప్పుకుంటూ వెళ్లారు. బావులు పూడిక తీయాలి, పొలాల మీద ఇసుక ఎత్తాలి, శిథిలాలు తొలగించాలి. పని కొండంత ఉంది, చేతులు అక్కడే ఉన్నాయి. బాధితుడే వనరు అన్న ఆలోచన అది. ఉపాధి హామీ పనులను విపత్తు ప్రాంతాల్లో వాడుకోవడం గురించి జవాబు రాసేటప్పుడు దీన్ని ఒక వాక్యంలో ముడిపెట్టవచ్చు.

జవహర్‌లాల్ నెహ్రూ కూడా ముంగేర్‌లో పార పట్టి శిథిలాలు తవ్వారు. అధికారులు మొదటి రోజుల్లో కదల్లేదని గట్టిగా విమర్శించారు. ఫిబ్రవరి 12న ఆయన్ని మళ్లీ అరెస్టు చేశారు, కలకత్తా ప్రసంగాల మీద కేసు పెట్టి. ఒక చేత్తో రాజేంద్ర ప్రసాద్‌ను వదిలి, ఇంకో చేత్తో నెహ్రూను పట్టుకోవడంలో వలస ప్రభుత్వం ఇరకాటం కనిపిస్తుంది. జనంలో తిరగగలిగిన వాళ్లు లేకుండా సాయం అందదు. వాళ్లను తిరగనిస్తే ప్రభుత్వం కన్నా వాళ్లకే పేరొస్తుంది.

1935: గేట్లు మూసిన క్వెట్టా

ఏడాదిన్నర తిరక్కుండానే ఆ ఇరకాటానికి ప్రభుత్వం ఒక జవాబు కనిపెట్టింది. 1935 మే 31 తెల్లవారుజామున, జనం నిద్రలో ఉండగా, బలూచిస్తాన్‌లోని క్వెట్టా కూలిపోయింది. మృతుల అంచనాలు 30 వేల నుంచి 60 వేల దాకా ఉన్నాయి. క్వెట్టా కంటోన్మెంట్ పట్టణం కాబట్టి సైన్యం అక్కడే ఉంది, వెంటనే దిగింది, చాలామందిని శిథిలాల్లోంచి బయటికి తీసింది. ఈ మాట న్యాయంగా చెప్పుకోవాలి.

కానీ ఆ తర్వాత పట్టణాన్ని మూసేశారు. బయటి స్వచ్ఛంద సేవకులను రానివ్వలేదు. అప్పటికి కాంగ్రెస్ అధ్యక్షుడిగా ఉన్న రాజేంద్ర ప్రసాద్ అనుమతి అడిగారు, గాంధీ అడిగారు, ఇద్దరికీ ఇవ్వలేదు. అంటువ్యాధులు వస్తాయి, తిండీ నీళ్లూ చాలవు, దోపిడీలు జరుగుతాయి అన్నవి ప్రభుత్వం చెప్పిన కారణాలు. బతికిన వాళ్లను రైళ్లెక్కించి పంజాబ్, సింధ్ పట్టణాలకు పంపేశారు. శిథిలాల కింద ఇంకా ప్రాణాలతో ఉన్నవాళ్లు ఉండి ఉంటారని, తవ్వకం ముందే ఆపేశారని విమర్శలు వచ్చాయి. అలా రాసిన పత్రికల మీద ప్రెస్ చట్టం ప్రయోగించారు.

ప్రభుత్వం చెప్పిన కారణాలు పూర్తిగా సాకులని నేను అనను. ఎండాకాలంలో వేల శవాలున్న పట్టణంలో అంటురోగాల భయం నిజమైనదే. అయినా ఒక లెక్క వేసి చూడండి. ఏ ఇంట్లో ఎంతమంది పడుకున్నారు, ఏ గది ఎటువైపు ఉంది అన్నది సైనికుడికి తెలియదు, ఆ వీధి మనిషికి తెలుసు. ఆ మనిషిని రైలెక్కించి పంపేశాక పార ఎక్కడ వేయాలో చెప్పేవాడు లేడు. బిహార్‌లో వనరులు తక్కువ, దారి తెలిసినవాళ్లు ఎక్కువ. క్వెట్టాలో క్రమశిక్షణ గల వేలమంది సిపాయిలున్నారు, దారి చెప్పేవాళ్లే లేకుండా పోయారు. ఆధునిక చరిత్రలో ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివితే, మన 2005 చట్టం మీద వచ్చే విమర్శ కూడా సులువుగా అర్థమవుతుంది. పైనుంచి ఆజ్ఞలు దిగే వ్యవస్థకూ, కింది సమాచారానికీ మధ్య ఉన్న పాత గొడవే అది.

జెండాలు, మెగాఫోన్లు

1970 నవంబర్ 12 రాత్రి తూర్పు పాకిస్తాన్ తీరాన్ని తాకిన భోలా తుఫానులో కనీసం 3 లక్షల మంది చనిపోయారన్నది సాధారణ అంచనా. పశ్చిమాన కూర్చున్న సైనిక ప్రభుత్వం నెమ్మదిగా కదిలిందన్న కోపం డిసెంబర్ 7 ఎన్నికల్లో బయటపడింది, తూర్పున ఉన్న 162 సాధారణ స్థానాల్లో 160 అవామీ లీగ్‌కు వచ్చాయి. తుఫాను దెబ్బతిన్న కొన్ని స్థానాల్లో పోలింగ్ 1971 జనవరికి వాయిదా పడింది. బంగ్లాదేశ్ అవతరణకు కారణాలు రాసేటప్పుడు భాషా ఉద్యమంతో ఆపేయకండి, ఈ తుఫానును కూడా చేర్చండి.

మనకు ఇక్కడ కావలసింది తర్వాతి కథ. చిట్టగాంగ్‌లో షెల్ కంపెనీ ఉద్యోగి ఫజ్లే హసన్ అబెద్ మిత్రులతో కలిసి మన్‌పురా దీవిలో సహాయ పనులకు దిగారు. 1972లో ఆయన మొదలుపెట్టిన బ్రాక్ ఇప్పుడు ప్రపంచంలోని అతిపెద్ద స్వచ్ఛంద సంస్థల్లో ఒకటి. అదే 1972లో రెడ్‌క్రాస్, ప్రభుత్వం కలిసి తుఫాను సన్నద్ధత కార్యక్రమాన్ని ప్రారంభించాయి. అందులో ప్రధాన పరికరం మనిషే. ప్రతి తీర గ్రామంలో ఆ ఊరివాళ్లే కార్యకర్తలు. రేడియోలో హెచ్చరిక వినాలి, ప్రమాదాన్ని బట్టి ఒకటి, రెండు, మూడు జెండాలు ఎగరేయాలి, మెగాఫోన్‌తో, చేతి సైరన్‌తో ఇల్లిల్లూ తిరగాలి. ముసలివాళ్లు ఏ ఇంట్లో ఉన్నారో వాళ్లకు ముందే తెలుసు కదా, ఎవరిని ముందు ఎత్తుకుపోవాలో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇప్పుడు ఆ కార్యకర్తలు 76 వేలకు పైగా ఉన్నారు, వారిలో సగం మంది ఆడవాళ్లు. ఆ సగం ఊరికే రాలేదు. 1991 తుఫానులో దాదాపు 1,38,000 మంది చనిపోగా, వారిలో ఆడవాళ్లు, పిల్లలే చాలా ఎక్కువ. మగ కార్యకర్త వచ్చి పిలిస్తే గడప దాటలేని ఇళ్లున్నాయని, షెల్టర్లలో ఆడవాళ్లకు మరుగు లేదని అప్పుడు అందరూ గుర్తించాల్సి వచ్చింది.

మన వైపు 1977 నవంబర్ 19 దివిసీమ ఉప్పెన గురించి మీ ఇళ్లలో పెద్దవాళ్లు చెప్పే ఉంటారు. అధికారిక లెక్కే 10 వేల మరణాలు. సినీ తారలు ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి ఊరూరా విరాళాలు సేకరించారు. నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ వైపు తుఫాను షెల్టర్లు లేవు, ఉన్నవాళ్లకు దొరికిన పక్కా కట్టడమే దిక్కయింది. ఒడిశాలో అయితే 1999 అక్టోబర్ 29 సూపర్ సైక్లోన్ దాకా ఇదే పరిస్థితి, దాదాపు 10 వేల మరణాలు. ఫోన్లు, కరెంటు, రోడ్లు ఒకేసారి పోయి రాజధానికే సమాచారం అందకపోతే హామ్ రేడియో ఔత్సాహికులు పరికరాలు మోసుకెళ్లి సంబంధాలు కలిపారు. ఆ డిసెంబర్‌లోనే ఒడిశా తన విపత్తు సంస్థను పెట్టింది, చట్టానికి ఆరేళ్ల ముందే. 2013 ఫైలిన్‌కు ముందు దాదాపు 10 లక్షల మందిని తరలించగలిగింది. మరణాలు పదుల్లో ఆగాయి. ఈ పోలిక అందరూ రాస్తారు, కాబట్టి ఇక్కడ పొడిగించను.

కచ్‌లో సేతు, నాగపట్నంలో సమన్వయ కేంద్రం

2001 జనవరి 26 ఉదయం 8:46కు గుజరాత్ భూకంపం. దాదాపు 13,800 మరణాలు, లక్షన్నర మందికి పైగా గాయాలు. భుజ్‌లోని జిల్లా ఆస్పత్రే కూలిపోయింది, అంటే జిల్లాలో అందరికీ తెలిసిన ఒకే ఒక్క చిరునామా మాయమైంది. ఆ తర్వాత కచ్‌కు లారీల మీద లారీలు వచ్చాయి. హైవే పక్కనున్న గ్రామాలకు దుప్పట్లు మూడుసార్లు అందాయి, లోపలి పల్లెలకు అసలు అందలేదు. ప్రతి పెద్ద విపత్తులోనూ చూసే బొమ్మే ఇది.

కచ్‌కు ఒక అదృష్టం ఉంది. 1998 జూన్‌లో కాండ్లా తుఫాను వచ్చినప్పుడు జిల్లాలోని స్వచ్ఛంద సంస్థలు కలిసి కచ్ నవ్ నిర్మాణ్ అభియాన్ అనే కూటమిని ఏర్పాటు చేసుకున్నాయి. భూకంపం నాటికి అది బతికే ఉంది. అది గ్రామ సమూహాలకు ఒకటి చొప్పున సేతు కేంద్రాలు తెరిచింది. సేతు అంటే మనకూ అదే అర్థం, వారధి. అందులో పనిచేసేది స్థానిక యువతీ యువకులే. ఏ ఊళ్లో ఎన్ని ఇళ్లు పడ్డాయి, ఏం అందింది, ఏం అందలేదు అని లెక్క తీసేవాళ్లు. గాంధీనగర్ నుంచి వచ్చిన ఉత్తర్వును గుజరాతీలో, పల్లెటూరివాళ్లకు అర్థమయ్యే మాటల్లో చెప్పేవాళ్లు. ఏ పరిహారానికి ఏ కాగితం జతచేయాలో చూపించేవాళ్లు. సాయం చేస్తామని వచ్చిన సంస్థకు, ఫలానా ఊళ్లో ఎవరూ లేరు, అక్కడికి వెళ్లండి అని దారి చూపేవాళ్లు. ఇల్లు మేమే కట్టుకుంటాం, విడతలుగా డబ్బు ఇవ్వండి అన్న యజమానులే కచ్‌లో ఎక్కువ. ఆ విధానం నడవాలంటే ఇంజినీర్ ఎక్కడ దొరుకుతాడు, భూకంపం తట్టుకునేలా కట్టడం తెలిసిన మేస్త్రి ఎవరు అన్న సమాచారం ఊళ్లోనే దొరకాలి. సేతు లేకపోతే ఆ విధానం కాగితం మీదే ఉండేదని నా అభిప్రాయం.

దాదాపు నాలుగేళ్ల తర్వాత 2004 డిసెంబర్ 26 సునామీ. తమిళనాడులో సుమారు 8,000 మంది చనిపోతే అందులో ముప్పావు వంతు నాగపట్నం జిల్లాలోనే. వందలాది సంస్థలు అక్కడికి పరుగెత్తాయి. పాత బట్టలు రోడ్ల పక్కన గుట్టలుగా పడ్డాయి, ఎవరూ ముట్టుకోలేదు. సర్వస్వం పోగొట్టుకున్నా మనిషికి మానం ఉంటుందని ఆ గుట్టలు పంపినవాళ్లకు తట్టలేదు. అక్కడ జిల్లా యంత్రాంగంతో కలిసి స్నేహ, సిఫ్స్ అనే సంస్థలు ఒక సమన్వయ కేంద్రం నడిపాయి. సిఫ్స్ దక్షిణ భారత మత్స్యకార సంఘాల సమాఖ్య, పడవల గురించి, వలల గురించి దానికి చెప్పనక్కర్లేదు. ఎవరు ఏ ఊళ్లో ఏం చేస్తున్నారో అక్కడ రాసిపెట్టేవాళ్లు, అంశాలవారీగా కలిసి కూర్చునేవాళ్లు, తర్వాత గ్రామ సమాచార కేంద్రాలు కూడా తెరిచారు.

ఇక్కడే ఒక చేదు నిజం ఉంది, దీన్ని వదిలేసి స్థానిక సమాజం గొప్పదని రాస్తే జవాబు సగమే అవుతుంది. నాగపట్నం తీరంలో సాయం చాలావరకు మత్స్యకార గ్రామ పంచాయతుల ద్వారా పంచారు. కట్టుబాటు గల వ్యవస్థ, వేగంగా పనిచేసింది. కానీ ఆ పంచాయతీలో చోటు లేని దళితులు, ఇరుళర్లు, ఉప్పు మళ్లలో, పొలాల్లో కూలి చేసుకునేవాళ్లు జాబితాల బయట ఉండిపోయారు. వాళ్లకు పడవ లేదు కాబట్టి పడవ పోలేదు, పడవ పోలేదు కాబట్టి బాధితులు కారు. స్థానికులకు అన్నీ తెలుసు అన్నప్పుడు, ఎవరిని పక్కన పెట్టాలో కూడా తెలుసు అని అర్థం. 1934లో గాంధీ సహాయ పనుల్లో హెచ్చుతగ్గులు ఉండకూడదని ఊరూరా చెప్పాల్సి వచ్చింది కూడా ఇందుకే.

చట్టంలో ఈ చరిత్ర ఎక్కడుంది?

2005 విపత్తు నిర్వహణ చట్టాన్ని ఇప్పుడు మళ్లీ తెరవండి. సెక్షన్ 25 ప్రకారం జిల్లా సంస్థకు కలెక్టర్ అధ్యక్షుడు, ఎన్నికైన జిల్లా పరిషత్ అధ్యక్షుడు సహాధ్యక్షుడు. ఆ సహాధ్యక్షుడి పదవి క్వెట్టాకు బిహార్ ఇచ్చిన జవాబు అనుకోవచ్చు. సెక్షన్ 41 స్థానిక సంస్థలకు శిక్షణ, వనరుల బాధ్యత పెట్టింది. సెక్షన్ 61 కులం, మతం, లింగం, వంశం పేరుతో సాయంలో వివక్ష నిషేధించింది. సునామీ తర్వాత ఏడాదికే వచ్చిన చట్టంలో ఈ సెక్షన్ చదువుతుంటే నాగపట్నం జాబితాలు గుర్తురాకుండా ఉండవు. సెక్షన్ 65 వాహనాలు, భవనాలు, సామగ్రి స్వాధీనం చేసుకునే అధికారం ఇస్తుంది, 66 దానికి పరిహారం.

స్వాధీనం చేసుకోవాలంటే ముందు ఎక్కడుందో తెలియాలి. అందుకోసం కేంద్ర హోం శాఖ 2003లోనే ఇండియా డిజాస్టర్ రిసోర్స్ నెట్‌వర్క్ ప్రారంభించింది. ఏ జిల్లాలో ఎన్ని పడవలు, జేసీబీలు, గ్యాస్ కట్టర్లు, ఈతగాళ్లు ఉన్నారో నమోదు చేసే ఆన్‌లైన్ జాబితా అది. ఆలోచన చక్కగా ఉంది. జాబితాకు ఉన్న శాపం ఏమిటంటే, అది రాసిన రోజే నిజం. ఫోన్ నంబర్ మారుతుంది, జేసీబీ అమ్ముడుపోతుంది, ఈతగాడు గల్ఫ్ వెళ్తాడు. బంగ్లాదేశ్ జెండా మోసే కార్యకర్త పాతబడడు, ఎందుకంటే అతను ఊళ్లోనే ఉంటాడు. 2016లో ఎన్డీఎంఏ మొదలుపెట్టిన ఆపదమిత్ర ఈ లోటు పూడ్చే ప్రయత్నం. 30 వరద ముప్పు జిల్లాల్లో 6,000 మందితో మొదలై, 350 జిల్లాల్లో లక్షమందికి శిక్షణ లక్ష్యంగా విస్తరించింది. అదే ఏడాది నవంబర్‌లో ఢిల్లీ ఆసియా మంత్రుల సదస్సులో ప్రధాని ప్రకటించిన పది అంశాల ఎజెండాలో స్థానిక సామర్థ్యాల మీద నిర్మించాలన్నది ఒకటి, మెయిన్స్‌లో నేరుగా అడిగే అవకాశం ఉన్న అంశం.

2018 ఆగస్టులో కేరళ మునిగినప్పుడు కొల్లం, తిరువనంతపురం తీరాల మత్స్యకారులు పడవలను లారీలకెక్కించి చెంగన్నూర్ వైపు కదిలారు. 650కి పైగా పడవలు, 4,500 మంది దాకా మనుషులు, వాళ్లు బయటికి తెచ్చినవాళ్లు సుమారు 65 వేలు అని ప్రభుత్వమే చెప్పింది. సముద్రం మీద నడిపే పడవలవి, ఇళ్ల మధ్య గోడలకు, గేట్లకు తగిలి చాలావాటి అడుగులు దెబ్బతిన్నాయి. పడవ అంటే ఆ కుటుంబానికి బతుకు, మర్నాడు వేటకు వెళ్లాలంటే దాన్ని బాగు చేయించాలి. స్వాధీనం చేసుకున్న ఆస్తికి సెక్షన్ 66 దారి చూపుతుంది. తానుగా వచ్చినవాడి పడవకు ఏ సెక్షన్ వర్తిస్తుందో మీ బేర్ యాక్ట్‌లో ఒకసారి వెతకండి.